కంచె పిన్ని

"...చెయ్యి కాబట్టి సరిపోయింది, అదే తలకాయ అయ్యుంటే ఎవరయ్యా జవాబు చెప్పేది? నువ్వా?"

"నేనెందుకు చెప్తానండీ? నేను పంపు దగ్గరుంటాను. కొండ సంగతేదైనా ఉంటే మా ఆవిడతో మాట్లాడుకోండి."

"ఆవిడతో మాట్లాడే ధైర్యమే ఉంటే పొద్దున్నే నీ గుమ్మంలో ఎందుకు నిలబడతాను?"

వంటింట్లో టీ వడగడుతున్న ఆమె ఈ మాట విని, రెండు గ్లాసుల పక్కన మూడోది పెట్టింది. వరండాలో మాట్లాడుతున్న ఇద్దరిలో ఒకరు ఆమె భర్త. ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో ఆపరేటరు. రెండో ఆయన నీటి సరఫరా శాఖ ఓవర్సీరు, మొగుడూ పెళ్ళాలిద్దరికీ పైఅధికారి. ఆమె ఆ పంపుహౌసు వెనకనున్న కొండకు కాపలాదారు. శాఖ రికార్డుల్లో ఆమెకో పేరుంది గానీ ఊరికి దానితో పని పడలేదు. చిన్నాపెద్దా అందరికీ ఆమె కంచె పిన్ని.

చెయ్యి విరిగింది ఎనిమిదో తరగతి చదివే కుర్రాడికి. కొండ మీద జారిపడ్డాడు. అసలు వాడు కొండ మీద ఎందుకున్నాడన్నదే ఓవర్సీరు గోల. పిట్ట కూడా అడగకుండా వాలని చోట పిల్లల్ని వెంటేసుకు తిరుగుతున్నది ఎవరో కాదు, కంచె పిన్నే అంటే ఊళ్ళో సగం మంది ఇప్పటికీ నమ్మలేదు.

ఆమె పుట్టింది ఈ క్వార్టర్లోనే. తండ్రిది కూడా ఇదే ఉద్యోగం. కొండ మీద పడ్డ వాన గడ్డిలో ఇంకి, చిత్తడి నేలల్లో నిలిచి, సన్నని పాయలుగా కిందికి దిగి రిజర్వాయరు చేరుతుంది. ఊరందరి దాహానికీ అదే దిక్కు. అందుకని కొండ చుట్టూ కంచె, కంచెకు ఒకే గేటు, గేటుకు తాళం, తాళానికి ఆ ఇంటి మనిషి.

తండ్రి గస్తీ తిరిగే పద్ధతి వేరు. కాలిబాట జోలికి పోయేవాడు కాదు. పైన నేల తడిగా తగిలే చోట మొదలుపెట్టి, పాయ ఎటు పోతే అటు, రాళ్ళ మీదుగా, పొదల కిందుగా వంగి, రిజర్వాయరు దాకా దిగేవాడు. మర్నాడు ఇంకో పాయ. కూతుర్ని వెంటబెట్టుకు వెళ్ళేవాడు. "బాట మీద నడిస్తే ఏం తెలుస్తుందే? పైన ఎవడు మంట పెట్టాడో, ఎవడు బట్టలుతికాడో చూడాలంటే నీళ్ళల్లోకి చూడు" అనేవాడు. మసి, నురగ, బురద, ఈ మూడూ ఎక్కడ కనిపించినా అక్కణ్ణుంచి వెనక్కి ఎక్కి వెళ్ళి మనిషిని పట్టుకునేవాడు.

ఆయన మోకాళ్ళు మొరాయించాక ఉద్యోగం ఆమెకు వచ్చింది. అప్పటి ఇంజినీరు, "ఆడపిల్లవి, కొండ మీద ఒంటరిగా..." అని నసిగాడు. "నేను ఒంటరిగా ఉండడానికే కదండీ కంచె" అన్నదామె.

అన్నట్టే కాపలా కాసింది. కట్టెలు కొట్టేవాళ్ళూ, మేకల వాళ్ళూ, చాటు వెతుక్కుంటూ వచ్చే జంటలూ, బడి ఎగ్గొట్టిన పిల్లలూ, అందరికీ ఆమె ఈల వినబడగానే కాళ్ళకు ప్రాణం వచ్చేది. దొరికిన పిల్లల్ని చెవి పట్టుకుని ఇంటిదాకా తీసుకెళ్ళి అప్పజెప్పేది. అన్నం దగ్గర మారాం చేసే పిల్లల్ని తల్లులు "కంచె పిన్నికి పట్టిస్తా చూడు" అని బెదిరించేవారు. ఆ మాట తన చెవిన పడినప్పుడు ఆమె నొచ్చుకోలేదు సరికదా, ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. భర్త కూడా అలా దొరికినవాడే. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో పంపుహౌసు దాటి లోపలికి వచ్చి పాయలో కాళ్ళు పెట్టుకు కూర్చున్నాడు. ఆమె పట్టుకున్నవాళ్ళలో మళ్ళీ వదిలిపెట్టనిది తననొక్కణ్ణేనని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఒక్కతే కూతురు. పెళ్ళై వేరే ఊళ్ళో కుట్టుపని చేసుకుంటోంది. ఆ పిల్లను కూడా ఆమె కంచె దాటనివ్వలేదు. తన బిడ్డను రానిచ్చి ఊళ్ళో బిడ్డలను ఆపితే మాట పడుతుందని.

ఇలా ఉండగా, నిరుడు శాఖ ఒక ప్రతిపాదన పెట్టింది. కొండ పైభాగాన్ని రక్షణ హద్దు నుంచి తప్పించి, విడిది బంగళాలు కట్టే కంపెనీకి లీజుకిస్తారట. రిజర్వాయరు కింద కదా ఉంది, పైన కట్టుకుంటే ఏం పోయిందన్నది వాళ్ళ వాదన. చట్టం ప్రకారం ఊరివాళ్ళ అభ్యంతరాలు వినాలి కాబట్టి టౌనుహాల్లో విచారణ పెట్టారు.

కంచె పిన్ని ఉతికిన చీర కట్టుకుని భర్తతో వెళ్ళింది. హాలు నిండా కుర్చీలు వేశారు గానీ మనుషుల్లేరు. వచ్చిన కొద్దిమందిలో ఒకాయన మురుగుకాలువ గురించి గొడవపడడానికి వచ్చాడు. ఇంకొకాయన ఫ్యాన్ కింద కూర్చోవడానికి వచ్చాడు. విచారణాధికారిణి వయసులో చిన్నది, మాట మర్యాద తెలిసిన మనిషి. నిబంధన చదివి వినిపించింది. ఆ స్థలాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, శాఖ ఉద్యోగులు మాత్రం చెప్పకూడదు.

కంచె పిన్ని లేచి నిలబడింది.

"మీరు శాఖ ఉద్యోగి కదమ్మా. కూర్చోండి. ఇంకెవరైనా చూశారా? అక్కడ ఏముందో చెప్పగలరా?"

ఫ్యాన్ కింద కూర్చున్నాయన బద్ధకంగా అన్నాడు. "ఏముంటుందండీ, ముళ్ళకంప. లోపలికి ఎవరూ వెళ్ళరు."

ఆ మనిషిని ఆమె గుర్తుపట్టింది. ఇప్పుడు చెప్పుల దుకాణం నడుపుతున్నాడు. చిన్నప్పుడు గేటెక్కి దూకుతుంటే చెవి మెలిపెట్టి తండ్రి దగ్గరకు ఈడ్చుకెళ్ళింది తనే. వాడు చూసిందల్లా గేటు పక్కనున్న ముళ్ళకంపనే.

జనం చాలలేదని అధికారిణి విచారణ వాయిదా వేసింది. వానలు వెళ్ళాక మళ్ళీ పెడతామన్నది.

ఇంటికి నడిచి వస్తుంటే భర్త నవ్వుతూ అన్నాడు. "ఊళ్ళో ఒక్క మనిషీ చూడలేదంటే, నువ్వెంత గట్టిగా కాపలా కాశావో చూడు!"

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమెకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇంటికి వచ్చాక కూతురికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"నేను చెప్పొచ్చంటావా అమ్మా అభ్యంతరం?" అన్నది కూతురు.

"నువ్వు చూళ్ళేదుగా."

"చూడనిచ్చావా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. తెల్లవారి ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. భర్త చెల్లెలు స్కూలు వ్యాను నడుపుతుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"ఆదివారం నీ వ్యానులో పిల్లల్ని కొండకు తీసుకురావాలి" అన్నది కంచె పిన్ని.

ఆడపడుచు చేతిలోని తుడుపుగుడ్డ బక్కెట్లో పడేసింది. "వదినా, ఒంట్లో బాగానే ఉందా? నువ్వేనా మాట్లాడేది?"

"వెటకారాలు తర్వాత. తెస్తావా, తేవా?"

"తేవడానికేం, తెస్తాను. నేను మాత్రం గేటు దగ్గరే ఉంటాను. నీ కొండలెక్కడం నా వల్ల కాదు. నా కాలికి బ్రేకూ క్లచ్చూ తప్ప ఇంకేం తెలీదు."

మొదటి ఆదివారం వచ్చిన పిల్లలకు కొండ నచ్చలేదు. ఒకడు ఫోన్ పైకెత్తి గాలిలో అటూ ఇటూ తిప్పాడు. "పిన్నీ, ఇక్కడ సిగ్నల్ లేదు."

"ఇంటి దగ్గర ఉందిగా, మూడు పూటలా. ఇక్కడ లేకపోతే నష్టమేంలేదు. నడువు."

గేటు దగ్గరే ఆమె షరతులు పెట్టింది. సబ్బులూ, తిండి పొట్లాలూ వ్యానులోనే వదిలెయ్యాలి. ఒంటికి రెంటికి పంపుహౌసులో వెళ్ళి రావాలి. లోపలికి వెళ్ళాక ఎవరికి ఎంత అర్జెంటైనా తనకు సంబంధం లేదు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కిసుక్కుమన్నారు. తర్వాత వాళ్ళను పైకి తీసుకెళ్ళి తడి నేలలో నిలబెట్టింది. ఒక పిల్ల కాలు పిక్కదాకా దిగబడింది.

"ఛీ! బురద!"

"బురద కాదు. నువ్వు తాగే నీళ్ళు."

"నేనా? ఛీ, నేను తాగను."

"ఇన్నాళ్ళూ తాగింది ఇదేనమ్మా. కింద వడపోసి ఇస్తారు, పుట్టేది మాత్రం ఇక్కడే."

ఆ పిల్ల కాలు తీసుకోవడం మరిచిపోయి కిందికి చూసింది. ఆ రోజునుంచి ఆ పిల్ల నోరు మూతపడలేదు. పాయ ఇక్కడ వంకర ఎందుకు తిరిగింది? రాయి అడ్డొచ్చింది. రాయి ఎందుకుంది? నువ్వొచ్చి అడుగుతావని కూర్చుంది. మిగతా పిల్లలు దానికి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టేశారు.

వారం వారం వచ్చేవాళ్ళు పెరిగారు. వ్యాను ఒక విడతకు చాలక ఆడపడుచు మళ్ళీ మళ్ళీ తిరిగేది. కంచె పిన్ని ఒక్కొక్కరికీ ఒక్కో పాయ అప్పగించింది. ఆ పాయ వెంట పై నుంచి కింది దాకా దిగాలి. కలుపు కంప కనిపిస్తే వేళ్ళతో సహా పీకాలి. నేల కోసుకుపోయిన చోట రాళ్ళు అడ్డంగా పేర్చి నీటి వేగం తగ్గించాలి. నీళ్ళు రంగు మారితే ఎందుకు మారాయో చూడాలి. పిల్లలు పాయలకు పేర్లు పెట్టుకున్నారు. తిరిగి తిరిగి ఎంతకీ విషయానికి రాని పాయ 'లెక్కల మాస్టారు'. కదులుతోందో లేదో తెలియని పాయ 'నిద్రమొహం'. ఒక పాయ మీద ఇద్దరు పిల్లలు కొట్టుకుని జుట్టు పీక్కుంటే, కొండ మీద అది మొదటి హద్దు తగాదా అని భర్త వేళాకోళం చేశాడు.

వాన జోరుగా పడ్డ రోజు ఆమె వాళ్ళను రానివ్వలేదు. పిల్లలు గొడుగులేసుకుని గేటు బయట నిలబడి, రానివ్వమని గోల చేశారు. ఇన్నేళ్ళలో ఆ గేటు దగ్గర ఆమె విన్న గోలలన్నీ పారిపోయేవాళ్ళవి. లోపలికి వస్తామని అరిచే గోల అదే మొదలు.

నిద్రమొహం కళ్ళజోడు కుర్రాడిది. నెమ్మదస్తుడు. రెండో విచారణకు ముందు ఆదివారం వాడు కేకేశాడు. "పిన్నీ, నా నీళ్ళు ఎర్రగా అయిపోయాయి!"

ఆమె వెళ్ళేసరికే వాడు నీళ్ళకు ఎదురు ఎక్కుతున్నాడు. ఆగమని ఈల వేసింది. వాడు ఆగలేదు. కొండ పైన, కంచెను కోసిన చోట, కంపెనీ మనుషులు నేల గట్టిదో కాదో చూడడానికి తవ్విన గోతులున్నాయి. పక్కనే పచ్చి మట్టి గుట్టలు. రాత్రి పడ్డ ఆఖరి వాన నీళ్ళు ఆ మట్టిని కలుపుకుని పాయలోకి దిగుతున్నాయి. గోతి అంచున నిలబడి కిందికి చూసి "ఇక్కడే, ఇక్కడే" అని అరుస్తూ కుర్రాడు జారాడు.

ఎముక విరిగిన చేతికి ఆమె తన తువ్వాలు కట్టి, వాణ్ణి భుజాన వేసుకుని దింపింది. ఆడపడుచు వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం కుర్రాడి తల్లి వచ్చి ఇంటి ముందు నిలబడింది.

"మావాడి చెయ్యి విరిగింది. దీనికి పూచీ ఎవరు?"

"నేనే" అన్నది కంచె పిన్ని.

ఆవిడ తగాదాకు సిద్ధమై వచ్చింది. ఎదుటి మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అనుకోలేదు.

"పోయినేడు మంచం మీద గంతులేసి కూడా విరగ్గొట్టుకున్నాడు లెండి, అది వేరే సంగతి" అన్నది గొంతు తగ్గించి. మళ్ళీ పెంచింది. "కట్టు కట్టించుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ. నా పాయ, నా పాయ అని. ఎవరో గోతులు తవ్వారట, పూడ్పించాలట. ఏమిటండీ ఈ పాయ?"

చెప్పడానికి ఆమెకు ఆ సాయంత్రమంతా పట్టింది.

మర్నాడు పొద్దున్నే ఓవర్సీరు వరండాలో దిగాడు.

కంచె పిన్ని టీ గ్లాసులు తెచ్చి మధ్యలో పెట్టింది. "నేనే వచ్చాను సార్. చెప్పండి."

ఓవర్సీరు గ్లాసు అందుకుని దాని వైపే చూస్తూ మాట్లాడాడు. "నువ్వే కదమ్మా, మా బావమరిది పెళ్ళాం పిల్లల్తో సరదాగా వస్తే గేటు దగ్గర్నుంచే తిప్పి పంపావు? రూలంటే రూలన్నావు. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు."

"మాట్లాడకపోతేనే మీకు హాయి కదండీ" అన్నాడు భర్త.

"నువ్వూరుకోవయ్యా. అమ్మా, ఆ రూలు ఇప్పుడేమైంది? పిల్లలు నీళ్ళు పాడుచేస్తారు, దెబ్బలు తగిలించుకుంటారు, జవాబు మనం చెప్పాలి. ఇవన్నీ నాకు నేర్పింది నువ్వే."

"నేనే నేర్పాను. ఆ గోతులు ఎవరు తవ్వారు సార్?"

ఓవర్సీరు గ్లాసు తిప్పాడు. "పైనుంచి ఆర్డరు."

"నాతో ఒక్క మాట చెప్పలేదు. కంచె కోశారు. తవ్వేవాళ్ళకు గేటుతో పని లేదు. నడిచే పిల్లలకైతే రూలు కావాలా?"

"చూడమ్మా, నాకూ ఇష్టమై చెప్పట్లేదు. శనివారం విచారణ. ఆ తర్వాత ఏమవుతుందో దేవుడికెరుక. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, ఇంకొక్కసారి గేటు తెరిచి పిల్లల్ని గానీ ఇంకెవర్ని గానీ లోపలికి రానిచ్చావో, నీ ఉద్యోగం ఉండదు. నేను ఆపలేను. పైవాళ్ళు చెప్పమన్న మాటే చెప్తున్నాను."

భర్త టీ తాగడం ఆపి ఆమెను చూశాడు. ఆ ఉద్యోగం ఆమెకు జీతం ఒక్కటే కాదని ఆయనకు తెలుసు. నడవడం నేర్చిన నాటినుంచి ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

"టీ చల్లారిపోతోంది సార్" అన్నదామె.

శనివారం టౌనుహాల్లో కుర్చీలు చాలలేదు. పిల్లలు ముందే వచ్చి కూర్చున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు గోడల పొడుగునా నిలబడ్డారు. చెప్పుల దుకాణం ఆయన ఈసారి కూతురి వెంట వచ్చాడు. ఆయన కూతురే ఎందుకమ్మ.

అధికారిణి పిల్లల్ని ఓపికగా విన్నది. లెక్కల మాస్టారు ఎక్కడెక్కడ ఆగుతుందో ఒక పిల్ల చెప్పింది. కళ్ళజోడు కుర్రాడు మెడకు వేలాడుతున్న చేత్తో లేచి ఎర్రనీళ్ళ సంగతి చెప్పాడు. ఎందుకమ్మ చెప్పడానికి లేచి, అధికారిణిని ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. హాలు నవ్వింది. అధికారిణి కూడా నవ్వి, ఆ తర్వాత కలం మూత పెట్టింది.

"మీరంతా చాలా బాగా చెప్పారు. కానీ మైనర్ల మాటను అభ్యంతరంగా నమోదు చేసే అధికారం నాకు లేదు. పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పండి."

కళ్ళజోడు కుర్రాడి తల్లి ముందుకు వచ్చింది. "నేను చెప్తానండీ. అక్కడ తవ్వకూడదు."

"మీరు ఆ స్థలం చూశారా అమ్మా?"

"నేనెక్కడ చూశానండీ? మమ్మల్నెవరు రానిచ్చారు?"

ఆవిడ కోపంగా అనలేదు. అయినా హాల్లో తలలన్నీ ఒక్కసారి కంచె పిన్ని కూర్చున్న వైపు తిరిగాయి. చెప్పుల దుకాణం ఆయన చెయ్యి తెలియకుండానే చెవి మీదకు పోయింది. ఆడపడుచు, "నేను గేటు దాకా వెళ్ళానండీ, అది లెక్కలోకి వస్తుందా?" అని వెనకనుంచి అడిగింది. రాదని అధికారిణి చెప్పింది.

"ఒక పని చేస్తాను" అన్నదావిడ. "సోమవారం సాయంత్రం దాకా నా ఆఫీసులో అభ్యంతరాలు తీసుకుంటాను. చూసినవాళ్ళు వచ్చి చెప్పవచ్చు. ఆ తర్వాత నా నివేదిక వెళ్ళిపోతుంది."

కంపెనీ తరఫు మనిషి ఫైలు మూసి చిన్నగా ఊపిరి వదిలాడు. సోమవారానికీ ఇప్పటికీ మధ్య ఉన్నది ఆదివారం ఒక్కటే. చూసినవాళ్ళు కొత్తగా ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తారు? జనం కుర్చీలు జరపడం మొదలుపెట్టారు.

కంచె పిన్ని లేచింది.

"అమ్మా, మీరు ఉద్యోగి. అభ్యంతరం చెప్పకూడదు" అని అధికారిణి గుర్తుచేసింది.

"అభ్యంతరం కాదండీ. ఊరివాళ్ళతో ఒక మాట."

ఆమె వేదిక వైపు వీపు పెట్టి జనం వైపు తిరిగింది. ముందు వరసలో ఓవర్సీరు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆయన పక్కన భర్త నేల చూపులు చూస్తున్నాడు. ఆమె ఇద్దరినీ చూసింది. కొండ మీద అవతలి గట్టుకు వినబడేలా పిలిచే గొంతుతో చెప్పింది.

"రేపు తెల్లారగానే గేటు తెరుస్తాను. పొద్దుగూకేదాకా మూయను. ఎవరైనా రావచ్చు. పిల్లలు ముందు నడుస్తారు, మీరు వాళ్ళ వెనక రండి."